తుప్పల మోవర్ ఆగిపోయిందా? పానా పట్టే ముందు ఎలా ఆగిందో గుర్తు చేసుకోండి

నడుమెత్తు తుప్పల మధ్యలో మోవర్ ఆగిపోతే ఎవరి చేతులైనా ముందు పెట్రోల్‌నూ గాలినీ కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటర్ మీదికే వెళ్తాయి. నా చేతులూ చాలా ఏళ్లు అక్కడికే వెళ్లాయి. నా దగ్గరున్నది వెనకాల నడుస్తూ తోలే బ్రష్ మోవర్. 389 సీసీ, ఒకే సిలిండరు, ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ ఇంజన్. దాన్ని నేనూ మా తమ్ముడూ పదకొండేళ్లుగా నడుపుతున్నాం. రిపేర్లు కూడా చాలావరకు మేమే చేసుకుంటాం. చేయగా చేయగా నాకు తెలిసిందేమిటంటే, ఇంజన్ ఆగిన తీరులోనే సగం జబ్బు బయటపడుతుంది. ఠక్కున ఆగిందా? దగ్గుతూ దగ్గుతూ ఆగిందా? పొద్దున్నే అసలు అందుకోలేదా? అరగంట బాగా తిరిగాక ఆగిందా? బ్లేడు వేయగానే పడిపోయిందా? స్విచ్ తీసినట్టు ఠక్కున ఆగితే ముందు కరెంటు వైపు, అంటే పెట్రోల్‌ను అంటించే నిప్పురవ్వ వైపు చూడండి. ఊగిసలాడుతూ, గొంతు తగ్గుతూ ఆగితే పెట్రోల్ వైపు చూడండి.

ఏ పని మొదలుపెట్టినా ముందు, ఆ నిప్పురవ్వ ఇచ్చే స్పార్క్ ప్లగ్ మీది క్యాప్ పీకి పక్కకు పెట్టండి. వేడి ఇంజన్‌లో తాడు లాగకపోయినా, బ్లేడును చేత్తో కొంచెం తిప్పితే చాలు, ఒక్కోసారి పేలుడు పడుతుంది. బ్రష్ మోవర్ బ్లేడు పచ్చి చెట్టు కాండాన్నే నరికే బ్లేడు, దాని దగ్గర వేళ్లు పెట్టే ముందు ఈ ఒక్క పని మరిచిపోవద్దు. సైలెన్సర్ చల్లారేదాకా పెట్రోల్ గొట్టం విప్పవద్దు. మూసిన గదిలో ఇంజన్ నడపవద్దు, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషికి తెలిసేలోపే పడిపోతాడు. మెషిన్‌ను ఒరిగించాల్సి వస్తే ఎయిర్ ఫిల్టర్, కార్బురేటర్ పైకి ఉండేలా ఒరిగించండి. అవి కిందికి వస్తే ఆయిల్ వెళ్లి ఫిల్టర్‌లో చేరుతుంది, అప్పుడు మీరు వెతికేది ఒక జబ్బు, కనిపించేది ఇంకో జబ్బు.

అసలు స్టార్ట్ కాకపోతే

అయిదారుసార్లు తాడు లాగినా ఉలుకూ పలుకూ లేకపోతే ఇంకా లాగుతూ కూర్చోవద్దు. పెట్రోల్ కాక్ తెరిచి ఉందా, గాలి తగ్గించి పెట్రోల్ పాలు పెంచే చోక్ పూర్తిగా పడిందా, స్విచ్ ఆన్‌లో ఉందా, హ్యాండిల్ మీద పట్టుకుని ఉండాల్సిన లివర్ నిజంగా నొక్కుకుంటోందా చూడండి. ఇవన్నీ సరిగ్గా ఉంటే ప్లగ్ విప్పండి. ప్లగ్ మొనే ఇక్కడ సాక్షి.

ప్లగ్ పొడిగా ఉంటే సిలిండర్‌లోకి పెట్రోల్ రావట్లేదు. తడిసి, పెట్రోల్ వాసన కొడుతుంటే పెట్రోల్ వస్తోంది, అంటించే కరెంటే లేదు, లేదా చోక్ వేసి మరీ ఎక్కువసార్లు లాగడంతో పెట్రోల్ ఓవర్ అయింది. తడిసిన ప్లగ్‌ను తుడిచి, కాక్ మూసి, చోక్ తీసేసి, ప్లగ్ బయట ఉండగానే నాలుగైదుసార్లు తాడు లాగి లోపలి పెట్రోల్ బయటికి పోనివ్వండి. ప్లగ్ రంధ్రానికి ఎదురుగా ముఖం పెట్టవద్దు. నల్లటి పొడి మసి కనిపిస్తే పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ. అప్పుడు ఎయిర్ ఫిల్టర్‌నూ చోక్‌నూ అనుమానించాలి. మొన తెల్లగా కాలిపోయినట్టుంటే పెట్రోల్ తక్కువవుతోంది, లేదా ఇంజన్ బాగా వేడెక్కుతోంది.

ప్లగ్ మొన దగ్గర నిప్పురవ్వ దూకే గ్యాప్ చాలా ఇంజన్లకు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉంటుంది. మీ మెషిన్ పుస్తకంలో ఏముందో అదే పెట్టండి.

కరెంటు చూడటానికి ప్లగ్‌కూ క్యాప్‌కూ మధ్య బిగించే స్పార్క్ టెస్టర్ ఒకటి ఉంచుకోండి, అది చిన్న వస్తువే. లేకపోతే ప్లగ్‌ను క్యాప్‌లో పెట్టి, రబ్బరు పిడి ఉన్న ప్లయర్‌తో పట్టుకుని, ప్లగ్ ఒంటిని ఇంజన్ మీద రంగు లేని లోహపు భాగానికి ఆనించి తాడు లాగాలి. ప్లగ్ రంధ్రానికి దూరంగా ఆనించండి, కాక్ మూసి ఉండాలి, చుట్టూ చిందిన పెట్రోల్ ఉండకూడదు. నీలంగా, టక్కుటక్కుమంటూ పడితే కరెంటు బాగున్నట్టే. పసుపుపచ్చగా, నీరసంగా పడితే ముందు కొత్త ప్లగ్ వేసి చూడండి.

కరెంటు అసలు రాకపోతే చాలామంది వెంటనే, ప్లగ్‌కు కరెంటు పుట్టించే కాయిల్ కొనేస్తారు. కొనకండి. కాయిల్ నుంచి ఒక సన్నటి వైరు బయటికి వస్తుంది. అది స్విచ్‌కీ, హ్యాండిల్ లివర్‌కీ, చాలా ఇంజన్లలో ఆయిల్ సెన్సర్‌కీ వెళ్తుంది. ఆ వైరు ఎక్కడైనా ఇంజన్ ఒంటికి తగిలితే కరెంటు ఆగిపోతుంది; స్విచ్ ఇంజన్‌ను ఆపేది కూడా ఆ దారిలోనే. ఈ మెషిన్ తిరిగేది కొమ్మల్లో, తీగల్లో. మా మోవర్‌లో ఆ వైరు హ్యాండిల్ గొట్టం పక్కన క్లిప్ దగ్గర ఒరుసుకుని, గోరంత మేర పైతొడుగు పోయి రాగి మెరుస్తోంది. మెషిన్ కదలకుండా ఉంటే కరెంటు వస్తుంది. గతుకులో పడితే పోతుంది. అది కంటికి కనపడటానికి మాకు ఒక మధ్యాహ్నమంతా పట్టింది, ఎందుకంటే మేం పరీక్షించిన ప్రతిసారీ మెషిన్‌ను చదునైన చోట నిలబెట్టే చూశాం.

కాబట్టి ఆ సన్నటి వైరును కాయిల్ దగ్గర ఊడదీసి మళ్లీ కరెంటు చూడండి. వస్తే కాయిల్ బాగుంది; స్విచ్, లివర్, సెన్సర్, వైరు, వీటిలో ఒకటి తగులుతోంది. అప్పటికీ రాకపోతేనే కాయిల్ మీదికి వెళ్లాలి. ఆ వైరు లేకుండా ఇంజన్ స్టార్ట్ చేస్తే స్విచ్‌తో ఆగదు. అందుకే ఇది పరీక్షకే, ఆ వైరు ఊడదీసి పనికి మాత్రం వెళ్లవద్దు. లివర్ వదిలితే బ్లేడూ ఇంజనూ ఆగాలన్నది మన కాళ్ల కోసం పెట్టిన ఏర్పాటు.

ఆయిల్ సెన్సర్ గురించి ఇంకో మాట. వాలు మీద పని చేస్తున్నప్పుడు ఇంజన్ ఠక్కున ఆగి, చదునుకు తెస్తే మామూలుగా స్టార్ట్ అయితే ముందు ఆయిల్ కొలవండి. కొంచెం తక్కువున్నా వాలులో ఆయిల్ ఒక పక్కకు చేరి సెన్సర్ ఇంజన్‌ను ఆపేస్తుంది. అది జబ్బు కాదు, ఇంజన్‌ను కాపాడటం. నా ఇంజన్ పుస్తకంలో 20 డిగ్రీల వాలు దాటవద్దని రాసి ఉంది. మీదాంట్లో ఎంతుందో చూసి దానికి లోబడే నడపండి.

పెట్రోల్ దారి

ప్లగ్ పొడిగా ఉంటే టాంకు నుంచి కిందికి ఒక్కో మెట్టూ దిగుతూ రండి. కాక్ మూసి, కార్బురేటర్ దగ్గర గొట్టం ఊడదీసి, గాజు సీసాలో పెట్టి కాక్ తెరవండి. ధార ఆగకుండా పడాలి. చుక్కలుగా పడితే కాక్ లోపలి జల్లెడో, మధ్యలో ఉండే ఫిల్టరో మూసుకుపోయింది. ముందు బాగా పడి, క్రమంగా సన్నబడి ఆగితే టాంకు మూత వదులు చేసి చూడండి.

ఈ మూత మా ఇద్దరికీ రెండు రోజులు తినేసింది. ఇంజన్ ఇరవై నిమిషాలు బ్రహ్మాండంగా తిరిగేది. తర్వాత పుల్లింగ్ తగ్గి, రెండుసార్లు దగ్గి ఆగిపోయేది. నేను కార్బురేటర్ విప్పి, పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రాలున్న జెట్లు కడిగి, మళ్లీ బిగించేవాణ్ణి. ఒక్క లాగుకే స్టార్ట్ అయ్యేది. నా శుభ్రతే పనిచేసిందనుకునేవాణ్ణి. ఇరవై నిమిషాల తర్వాత మళ్లీ అదే కథ. మూడోసారి విప్పబోతుంటే మా తమ్ముడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "అన్నా, నువ్వు పెట్రోల్ వంపడానికి మూత తీసినప్పుడల్లా బుస్సుమంటోంది, వినపడట్లేదా?" అన్నాడు. మూతలో గాలి వెళ్లే సన్నటి రంధ్రం ఉంటుంది. పెట్రోల్ తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి దాని గుండానే రావాలి. మట్టీ నూగూ కలిసి అది మూసుకుపోయింది. టాంకులో గాలి చొరబడే దారి లేక పెట్రోల్ కిందికి దిగడం మానేసింది. ప్రతిసారీ ఇంజన్‌ను బాగుచేసింది నా రిపేరు కాదు, మధ్యలో మూత తీయడమే. కొంతసేపు తిరిగి ఆగే ఇంజన్ ఏదైనా సరే, ఆగిన మరుక్షణం మూత వదులు చేసి చెవి పెట్టి వినండి. బుస్సుమంటే జబ్బు దొరికినట్టే. మూతను కడిగి, ఊది చూడండి, గాలి పోకపోతే కొత్త మూత వేయండి. రంధ్రం మాత్రం పెద్దది చేయవద్దు, వాలులో పెట్రోల్ కారుతుంది.

మూత తీసినా శబ్దం లేకపోతే, వేడి మీద ఆగిన వెంటనే, చల్లారకముందే కరెంటు చూడండి. చల్లగా ఉన్నప్పుడు బాగా పనిచేసి వేడెక్కాక చచ్చిపోయే కాయిళ్లు ఉంటాయి. అరగంట ఆగితే మళ్లీ బతుకుతాయి. ఇంటికి తెచ్చి తీరిగ్గా పరీక్షిస్తే ఆ తప్పు ఎప్పటికీ దొరకదు.

పాత పెట్రోల్ సంగతి అందరికీ తెలుసు, అయినా అందరం తప్పు చేస్తాం. నెల దాటితే పెట్రోల్‌లో తేలిగ్గా అంటుకునే భాగం ఎగిరిపోతూ ఉంటుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. చాలా చిన్న ఇంజన్ల పుస్తకాల్లో ఇథనాల్ 10 శాతం దాటకూడదని ఉంటుంది. కార్బురేటర్ గిన్నె అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి నాలుగు చుక్కలు గాజు సీసాలో పట్టండి. నీళ్లుంటే అడుగున గుండ్రటి బుడగల్లా వేరుగా నిలుస్తాయి. తుప్పు ఉంటే ఎర్రటి పొడి కనిపిస్తుంది. వాసన పెట్రోల్‌లా కాకుండా పాత రంగుడబ్బాలా ఉంటే మొత్తం వంపేసి కొత్తది పోయండి.

ఊగిసలాట, చోక్ వేస్తేనే తిరగడం

ఇంజన్ పైకీ కిందికీ ఊగుతూ, 'ఊఁ... ఊఁ...' అని గొంతు పెంచీ తగ్గించీ తిరుగుతుంటే చోక్‌ను మెల్లగా సగం దాకా వేసి చూడండి. చోక్ వేయగానే నిలకడపడితే పెట్రోల్ చాలట్లేదు, గాలి ఎక్కువవుతోంది. అంటే జెట్టు మూసుకుపోయింది, లేదా కార్బురేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య ప్యాకింగ్ దగ్గర గాలి చొరబడుతోంది. ముందు ఆ రెండు నట్లు బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి. ఒకరోజు నా మెషిన్‌కు ఆ పనితోనే నయమైంది. ఇది అదిరే యంత్రం, దీని నట్లు వాటంతట అవే వదులవుతాయి.

ఇప్పుడు కార్బురేటర్ విప్పవచ్చు. విప్పే ముందు స్ప్రింగులూ, ఇంజన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ కడ్డీలూ ఏ రంధ్రంలో ఉన్నాయో ఫోన్‌లో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. ఒకే పలకకు మూడు నాలుగు రంధ్రాలు ఉంటాయి, ఏది ఎక్కడిదో సాయంత్రానికి గుర్తుండదు. ప్యాకింగులు వచ్చిన వరుసలోనే, అదే ముఖం పైకి ఉండేలా పక్కన పేర్చుకోండి. వాటిలో చిన్న రంధ్రాలు ఉంటాయి, తిరగేసి పెడితే గాలి దారులు మూసుకుపోతాయి.

గిన్నె కింద ఒకే బోల్టు ఉంటుంది, నా దానికి 10 నంబరు పానా పడుతుంది. కొన్నిటికి అక్కడ, ఇంజన్ ఆపినప్పుడు పెట్రోల్‌ను ఆపే వైరు ఉన్న సోలెనాయిడ్ ఉంటుంది, వైరు ఊడదీశాకే తిప్పండి. గిన్నె దిగాక మధ్య స్తంభంలో ఇత్తడి జెట్టు కనిపిస్తుంది. దాని గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరే వాడండి, సన్నది పెట్టి తిప్పితే ఇత్తడి చిరిగిపోతుంది. జెట్టును తీసి ఆకాశం వైపు పెట్టి ఒక కన్నుతో చూడండి. శుభ్రంగా ఉంటే అంచులు పదునైన గుండ్రటి వెలుతురు చుక్క కనిపించాలి. చంద్రవంకలా కనిపించినా, అంచు మసకగా ఉన్నా లోపల పాత పెట్రోల్ జిగురు పట్టింది. దాన్ని కార్బురేటర్ క్లీనర్‌లో నానబెట్టి, కరెంటు వైరులోంచి లాగిన ఒక్క రాగి పోగుతో మెత్తగా తోయండి. ఉక్కు సూది, డ్రిల్లు పెట్టవద్దు. ఆ రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా ఆ జెట్టు ఇక పనికిరాదు, అది ఉన్నంతకాలం ఇంజన్ నల్లపొగ కక్కుతూనే ఉంటుంది.

జెట్టు వెనక నిలువుగా పక్కరంధ్రాలున్న సన్నటి ఇత్తడి గొట్టం ఉంటుంది, దాన్ని మరిచిపోతారు. ఊగిసలాటకు అసలు దొంగ చాలాసార్లు ఇంకొకటి: పైన, థ్రాటిల్ స్క్రూ దగ్గర ఉండే చిన్న ఐడిల్ జెట్టు. దాని రంధ్రం ఎంత సన్నగా ఉంటుందంటే రాగి పోగు కూడా ఒక్కోసారి దూరదు. క్లీనర్ స్ప్రే ముక్కు ఆనించి కొడితే అవతలి వైపు నుంచి సన్నటి ధార రావాలి. కళ్లద్దాలు పెట్టుకుని కొట్టండి, అది తిరిగి ముఖం మీదికే వస్తుంది. గిన్నె అంచు రబ్బరు రింగు మీద స్ప్రే పడనీయవద్దు. ఉబ్బిపోయి గాడిలో మళ్లీ కూర్చోదు.

గిన్నెలో తేలుతూ పెట్రోల్ మట్టాన్ని అదుపు చేసే ఫ్లోట్‌కు తగిలించిన సూది మొన మీద రింగులా గాడి పడి ఉంటే మార్చేయండి. అది సరిగ్గా మూసుకోకపోతే, కాక్ తెరిచి ఉంచిన రాత్రంతా పెట్రోల్ సిలిండర్‌లోకి, అక్కణ్ణుంచి ఆయిల్‌లోకి దిగుతుంది. పొద్దున్నే ఆయిల్ పుల్ల తీస్తే మట్టం పెరిగి ఉంటుంది, పెట్రోల్ వాసన వస్తుంది. అలాంటి ఆయిల్‌తో ఒక్క నిమిషం కూడా నడపవద్దు, బేరింగులు అరిగిపోతాయి. సూది మార్చి, ఆయిల్ మొత్తం మార్చాకే స్టార్ట్ చేయండి. మెషిన్‌ను బండి మీద తీసుకెళ్లేటప్పుడు కాక్ తప్పకుండా మూయమనేది ఇందుకే. ఆ కుదుపులకు ఫ్లోట్ ఎగిరెగిరి పడుతుంది.

బ్లేడు వేస్తే చచ్చిపోతుంటే

ముందు ఇంజన్‌దా, బ్లేడుదా తేల్చాలి. ఇంజన్ ఆపి, ప్లగ్ క్యాప్ పీకి, బ్లేడు వేయకుండా ఉన్నప్పుడు దాన్ని మందమైన గ్లవ్‌తో తిప్పి చూడండి. గరగరమన్నా, బిగుసుకున్నా బేరింగుదో, ఇరుసుకు చుట్టుకున్న తీగదో తప్పు. బ్లేడు మొద్దుబారినా ఇంజన్‌కే భారం.

బ్లేడు తేలిగ్గా తిరిగితే మెషిన్ స్టార్ట్ చేసి, పక్కన నిలబడి కార్బురేటర్ మీది థ్రాటిల్ చేతిని గమనించండి. తమ్ముడో, ఇంకెవరో హ్యాండిల్ దగ్గరుండి బ్లేడు వేయాలి, మీరు బ్లేడుకూ విసిరే దారికీ దూరంగా ఉండాలి. భారం పడగానే గవర్నర్ ఆ చేతిని లాగి థ్రాటిల్ పూర్తిగా తెరవాలి. తెరిచినా ఇంజన్ కూలబడితే దానికి పెట్రోల్ అందట్లేదు, గాలి అందట్లేదు, లేదా సిలిండర్‌లో పిస్టన్ కలిగించే ఒత్తిడి, అంటే కంప్రెషన్ లేదు. చెయ్యి అసలు కదలకపోతే కడ్డీ ఊడిందో, స్ప్రింగు తెగిందో, దుమ్ము పట్టి బిగుసుకుందో చూడండి. ఇంజన్ బలం సరిపోవట్లేదని గవర్నర్ స్ప్రింగును సాగదీసేవాళ్లను చూశాను. అది చేయవద్దు. చాలా ఇంజన్లను తయారీదారులు 3,600 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) దగ్గర కట్టేస్తారు. దాన్ని దాటించి నడిపితే పిస్టన్‌ను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాకును చీల్చుకుని బయటికి రావచ్చు.

గాలి అందకపోవడంలో ఎయిర్ ఫిల్టర్ ఒకటి, సైలెన్సర్ చివర మసి పట్టిన జల్లెడ ఇంకొకటి. కాగితం ఫిల్టర్‌ను కడగవద్దు, తట్టి మురికిపోకపోతే మార్చండి. స్పాంజిని సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక వేయండి.

వేడెక్కి నీరసపడితే మాత్రం పైన తాడు ఉన్న కవరు, దాని కింది ఫ్యాన్ కవరు విప్పాల్సిందే. ఎండుగడ్డి, దూదిలాంటి గింజల నూగు సిలిండర్ రెక్కల మధ్య దట్టంగా పేరుకుని దుప్పటి కప్పినట్టు ఉంటుంది. బయటి నుంచి చూస్తే ఏమీ కనిపించదు. నేను ప్రతి 25 గంటల పనికి ఒకసారి విప్పి గాలితో ఊదుతాను. నూగు రాలే కాలంలో ఇంకా ముందే. ఎలుక గూడు కూడా ఒకసారి అక్కడే దొరికింది.

తాడు వెనక్కి తన్నితే

బ్లేడు మోడుకో రాయికో గట్టిగా తగిలిన తర్వాత తాడు చేతిని వెనక్కి లాగేస్తుంటే, కరెంటూ పెట్రోలూ ఉండి కూడా కార్బురేటర్‌లోంచి టప్ టప్‌మని పేలుతుంటే ఫ్లైవీల్ కీ చూడండి. ఇంజన్ ఇరుసు మీది బరువైన చక్రాన్ని, అంటే ఫ్లైవీల్‌ను, జరగకుండా పట్టే చిన్న లోహపు ముక్కే ఆ కీ. బ్లేడు నేరుగా ఇంజన్ ఇరుసుకే బిగించిన మెషిన్లలో ఇది ఎక్కువ. బెల్టు మధ్యలో ఉంటే అరుదు. కీ కొంచెం కోతపడి ఫ్లైవీల్ ఒక పిసరు పక్కకు జరిగినా కరెంటు పడే సమయం తప్పుతుంది. ఫ్లైవీల్‌ను సుత్తితో కొట్టి తీయవద్దు, పుల్లర్‌తో తీయండి. తయారీదారు చెప్పిన కీనే వేయండి. కాయిల్‌ను విప్పి ఉంటే తిరిగి బిగించేటప్పుడు దానికీ ఫ్లైవీల్‌కూ మధ్య ఖాళీ పుస్తకంలో చెప్పినంతే ఉండాలి. చాలా ఇంజన్లలో అది విజిటింగ్ కార్డు మందం అటూఇటూగా ఉంటుంది.

దెబ్బ ఏదీ తగలకుండానే తాడు లాగడం నెలనెలకూ కష్టమవుతుంటే ట్యాపెట్ గ్యాప్, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే చేతికీ మధ్య ఖాళీ, పెరిగి ఉండవచ్చు. స్టార్ట్ చేసేటప్పుడు ఎగ్జాస్ట్ వాల్వును కొద్దిగా ఎత్తి పట్టి కంప్రెషన్ తగ్గించే ఏర్పాటు క్యామ్ మీద ఉంటుంది. గ్యాప్ ఎక్కువైతే అది వాల్వును అందుకోలేదు. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, పిస్టన్ కంప్రెషన్‌లో పైకి వచ్చి ఉండగా ఫీలర్ గేజ్‌తో కొలవాలి. మా ఇంజన్‌కు ఇన్‌లెట్ 0.15, ఎగ్జాస్ట్ 0.20 మిల్లీమీటర్లు.

నీలం పొగ వస్తే ఆయిల్ ఎక్కువ పోశారేమో, మెషిన్‌ను తప్పు వైపు ఒరిగించారేమో ముందు ఆలోచించండి. ఆ రెండూ కాకుండా రోజూ వస్తుంటే పిస్టన్ రింగులు అరిగి ఉండవచ్చు. లోపల ఇనుము ఇనుముకు కొట్టుకున్నట్టు ఠంగుఠంగుమని శబ్దం వస్తే వెంటనే ఆపి మెకానిక్‌కు చూపించండి. ఇక మళ్లీ తాడు లాగవద్దు.

అన్నీ బిగించాక బ్లేడు వేయకుండా అయిదు నిమిషాలు నడపండి. గిన్నె కింద వేలితో తడిమి పెట్రోల్ చెమ్మ ఉందేమో చూడండి. ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, విప్పిన ప్రతి నట్టుకూ మళ్లీ ఒకసారి పానా పెట్టండి. ఆ తర్వాత పలుచటి గడ్డిలో బ్లేడు వేసి, పది నిమిషాలు గొంతు మారకుండా తిరిగితే తుప్పల్లోకి తోలండి.